గుమ్మడికాయ కోసం తాకట్టు పెట్టిన రేషన్ కార్డు

మా తోటికోడలు అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మావోళ్ళు పాడరులే అయ్యగారూ, సూసి ఎల్లిపోతారు," అంది. కోతల పండుగ నాడు ఆరాధన అయ్యాక, వేలానికి ముందు, సంఘమంతా చాపల మీద కూర్చుని ఉండగా మమ్మల్ని చూపిస్తూ అంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, నవ్వి ఊరుకున్నారు. ఆయన నవ్వకుండా ఉండవలసిందని నేను ఆయన ఉన్నన్నాళ్ళూ అనుకున్నాను.

అప్పటికి మాకు పెళ్ళయి పదేళ్ళు. డాలీగంజ్‌లో కాపురం, సముద్రం మధ్య దీవిలో. తెలుగువాళ్ళకు అక్కడ ఒక చిన్న రేకుల గుడి ఉండేది. వానలు తగ్గుముఖం పట్టాక కోతల పండుగ చేసేవాళ్ళం. ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. అరటి గెల, కొబ్బరికాయలు, కంద, పళ్ళెంలో నిమ్మకాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. ప్రార్థన తరువాత వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు గుడి ఖర్చులకు. ఏ వస్తువు ఎంత పలుకుతుందన్నది వస్తువును బట్టి ఉండదు, పాడేవాళ్ళ పౌరుషాన్ని బట్టి ఉంటుంది. పైగా డబ్బు వెంటనే ఇవ్వక్కర్లేదు. క్రిస్మస్‌లోగా కడితే చాలు. నన్ను ముంచింది ఆ వెసులుబాటే.

ఆ ఏడు సిప్పీఘాట్‌లో ఉండే కుటుంబం ఒకటి పెద్ద గుమ్మడికాయ తెచ్చింది. ఇద్దరు పట్టుకుని బల్ల మీద పెట్టారు. సంఘ పెద్ద అయిదు రూపాయలతో మొదలుపెట్టాడు. తోటికోడలు పది అంది. నేను పదిహేను అన్నాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. వాళ్ళాయన, అంటే మా బావగారు, ఓడరేవు ఆఫీసులో గుమాస్తా. మా ఆయన ప్రభుత్వ ఫెర్రీ బోటులో లష్కరు. జెట్టీ దగ్గర తాళ్ళు విసిరి కట్టే పని. ఆ తేడా ఆమె ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చూపుతో చెప్పింది.

నూట యాభై అయిదు దాకా ఆమె పాడింది. నూట అరవై అన్న నోరు నాది. అక్కడ ఆమె ఆగిపోయి, కొంగు సర్దుకుని, "తీసుకో సెల్లీ, పిల్లలకి పులుసెట్టు," అంది. మా ఆయన జీతం అప్పట్లో ఆరు వందలు నిండేది కాదు.

ఇంటికి వస్తూ దారిలో కాయను భుజం మార్చుకుంటూ ఆయన అడిగారు.

"ఏటే, కాయే కొన్నావా, తోట కూడా రాయించుకున్నావా?"

ఆ కాయ కోస్తే లోపలంతా పీచు. తీపి లేదు. తొమ్మిది రోజులు తిన్నాం. మా అమ్మాయిలిద్దరూ తరువాత చాలా ఏళ్ళు గుమ్మడికాయ పేరెత్తితే లేచిపోయేవారు.

ఆ డిసెంబరులో సరుకుల ఓడ రావడం ఆలస్యమైంది. ఇక్కడ ఓడ రాకపోతే ఉల్లిపాయ కూడా దొరకదు, దొరికినా ముట్టుకునే ధర కాదు. పప్పు, నూనె, పిల్లలకు పండుగ బట్టలు అన్నీ వీధి చివరి దుకాణంలో ఖాతా మీద తెచ్చాను. ఖాతా పుస్తకం ఆ దుకాణదారు దగ్గరే ఉండేది. అందులో ఏం రాస్తున్నాడో నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని భయం.

గుడి డబ్బు కట్టలేకపోయాను. జనవరి మొదటి ఆదివారం సంఘ పెద్ద బాకీదారుల పేర్లు చదివాడు. అందరి పేర్లూ మామూలుగా చదివి, మా ఆయన పేరు దగ్గర వస్తువు పేరు కూడా చదివాడు. "గుమ్మడికాయ, నూట అరవై." వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో నాకు తెలుసు.

మర్నాడే దుకాణానికి వెళ్ళి రెండు వందలు అప్పు అడిగాను. ఆ దుకాణదారు మన భాష కొంచెం, హిందీ కొంచెం కలిపి మాట్లాడేవాడు.

"దేతా హూఁ దీదీ, ఇస్తా. మగర్ రేషన్ కార్డ్ ఇధర్ పెట్టు. నీ మీద భరోసా లేక కాదు. కార్డ్ ఇక్కడుంటే నాకూ ఫికర్ లేదు, నీకూ ఫికర్ లేదు."

భరోసా ఉన్నవాడు కార్డు ఎందుకు అడుగుతాడు? ఆ మాట అప్పుడే అనవలసింది. అనకుండా కార్డు ఇచ్చి వచ్చి, నూట అరవై తీసుకెళ్ళి సంఘ పెద్ద చేతిలో పెట్టాను. ఆయన రసీదు కూడా రాయలేదు. అడిగి రాయించుకున్నాను.

కార్డు పోయాక తెలిసింది దాని విలువ. నెలనెలా కోటా బియ్యం, పంచదార, కిరోసిన్ దుకాణదారే తన మనిషిని పంపి తెప్పించుకునేవాడు. మాకు బియ్యం కావాలంటే అతని దగ్గర దుకాణం ధరకు కొనాలి. ఫిబ్రవరిలో ఒకసారి కొన్న బియ్యం పొయ్యి మీద పెట్టగానే కోటా బియ్యం వాసన కొట్టింది. మా బియ్యమే మాకు అమ్మాడు. పొరుగింటావిడ అర సీసా కిరోసిన్ ఇచ్చి, "తిరిగివ్వక్కర్లేదులే," అంది. అలా అనడం ఎంత గుచ్చుకుంటుందో అన్నవాళ్ళకు తెలియదు. ఆ అర సీసా కార్డు తిరిగొచ్చిన నెల మొదటి కిరోసిన్‌తోనే తిరిగిచ్చాను. ఆవిడ మరిచిపోయానంది. నేను మరవలేదు.

మా గుడిలో ఆడవాళ్ళకు గుప్పెడు బియ్యం అలవాటు ఉంది. పూటపూటకూ వండబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం తెచ్చి గుడిలో గంపలో పోస్తాం. నాది పాలపొడి డబ్బా. మార్చి నెలాఖరులో ఒకరోజు ఇంట్లో గింజ లేదు. దుకాణానికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. దేవుడి డబ్బా వంచి పిల్లలకు వండి పెట్టాను.

ఆ ఆదివారం గంపలో నేను పోసిన బియ్యం అడుగున కూడా కనబడలేదు. తోటికోడలు గంపలోకి చూసి, నా వైపు చూసింది. ఆరాధన అయ్యాక నేనే అయ్యగారి భార్య దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆమెను మేం అమ్మగారు అంటాం. మందలిస్తుందనుకున్నాను.

"అమ్మగారూ, దేవుడి డబ్బాలోంచి వండేశాను."

"ఎన్ని గుప్పిళ్ళున్నాయి?"

"ఏమో అమ్మగారూ. నలుగురికీ రెండు పూటలొచ్చింది."

"వారం రోజుల గుప్పిళ్ళకే రెండు పూటలొచ్చిందా? అయితే ఇంకో డబ్బా పెట్టుకో. అది నీ ఇంటికి. కట్టలేని పాట పాడ్డం కన్నా అది నయం కదా."

చివరి మాట అనకపోయినా బాగుండేది. మూడు రోజులు ఆమె మీద కోపంగా ఉన్నాను. నాలుగో రోజు రెండో డబ్బా కడిగి ఎండబెట్టాను.

అదే వారంలో దుకాణానికి వెళ్ళి ఖాతా మొదటినుంచీ చదవమన్నాను.

"పూరా?" అన్నాడతను.

"పూరా."

అరగంట చదివాడు. మధ్యలో బేరాలు వస్తే ఆగి, మళ్ళీ చదివాడు. వడ్డీతో కలిపి ఏడు వందల నలభై. నిజం చెప్పాలంటే ఆ అంకె తెలియని రోజుల్లో ఉన్నంత భయం ఆ అంకె విన్నాక లేదు. అంతవరకూ అది వెయ్యి అనుకుంటూ పడుకునేదాన్ని. ఇంటికొచ్చి పాత క్యాలెండర్ వెనక అంతా రాశాను. ఆ నెల జీతంతో కొన్న బియ్యం అయిపోయిన తారీఖు కూడా రాశాను. పందొమ్మిది. ఆ తరువాతి రోజులన్నీ అప్పు బియ్యం.

మా ఆయన అది చూశారు.

"పాడింది నువ్వు, మోసేది నేను," అన్నారు.

"కాయ మోసింది మీరే. ఇది నేను మోత్తాను," అన్నాను.

ఆయన నవ్వారు. ఆ నవ్వు మాత్రం నాకు తప్పుగా తోచలేదు. ఆ నెల నుంచి జీతం కవరు విప్పకుండా తెచ్చి నా చేతికి ఇచ్చారు.

పూటపూటకూ రెండు గుప్పిళ్ళు తీశాను, ఒకటి దేవుడికి, ఒకటి ఇంటికి. అన్నం తక్కువైందని ఎవరూ అనలేదు. నెలాఖరుకు ఇంటి డబ్బా విప్పితే రెండు రోజులకు పైగా గడిచింది. క్యాలెండర్ మీద ఇరవై ఒకటి అని రాశాను. పంచదార మానేశాం. టీలో బెల్లం. ఇంటి వెనక బచ్చలి పాకించాను, అది ఆ వానలకు ఆగమన్నా ఆగలేదు. మేలో ఇరవై నాలుగు. జూన్‌లో గాలివానకు బోట్లు ఆగిపోయి ఆయనకు ఓవర్‌టైము రాలేదు, చేప దొరకలేదు. మళ్ళీ ఇరవై రెండుకు దిగింది. ఆ నెల క్యాలెండర్ గోడకు తిప్పి పెట్టాను. జులైలో ఇరవై అయిదు. ఆగస్టులో ఇరవై ఎనిమిది. సెప్టెంబరు ముప్పయ్యో తారీఖున డబ్బా అడుగున ఇంకా రెండు గుప్పిళ్ళు మిగిలాయి. వాటిని అరచేతిలో పోసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. మా చిన్నమ్మాయి వచ్చి, "అమ్మా, రాళ్ళు ఏరుతున్నావా?" అంది.

కొత్త అప్పు లేకపోయేసరికి నెలనెలా పాత అప్పులో కొంత కొంత కడుతూ వచ్చాను. అక్టోబరుకు మూడు వందల పది మిగిలింది. అప్పుడు నేను నా లెక్క బయటికి తీశాను. కార్డు అతని దగ్గరున్న తొమ్మిది నెలల్లో ఏ నెల ఎంత బియ్యం, ఎంత పంచదార, ఎంత కిరోసిన్ వచ్చిందో రేషన్ దుకాణం పలక మీద చూసి గుర్తుపెట్టుకున్నాను. ఏ నెల కిరోసిన్ రాలేదో కూడా.

దుకాణంలో నిలబడి ఒక్కొక్క నెలా చెప్పాను. అతను త్రాసు వదిలేసి చూశాడు.

"అది నీ తలకాయా, రికార్డ్ ఆఫీసా దీదీ?"

"మా కోటా అమ్ముకున్న లాభం అప్పులో కొట్టెయ్యి. లేదంటే ఇదుగో, రేషన్ ఆఫీసుకి అర్జీ." మా పెద్దమ్మాయి చేత హిందీలో రాయించిన కాగితం తీశాను. ఆ పిల్ల తెలుగు తడబడుతూ చదువుతుంది కానీ హిందీ ముత్యాల్లా రాస్తుంది.

"కార్డ్ తాకట్టు పెట్టింది నువ్వు కదా? నీకూ జుర్మానా పడుద్ది."

"పడనీ భయ్యా. ఇద్దరం ఒకే రోజెళ్ళి కడదాం."

దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఈసారి నా మీద కాదు. అతను కాసేపు గొణిగి, రెండు వందలు కొట్టేశాడు. మిగిలిన నూట పది అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను. ఖాతాలో నా పేరు మీద అడ్డంగా గీత గీయించాను. ఒక గీత చాలదని రెండోది కూడా గీయించాను. కార్డు మీద నూనె మరక పడి ఉంది. దానికి కూడా రెండు మాటలు అన్నాను.

మర్నాడు రేషన్ వరసలో మూడు గంటలు నిలబడ్డాను. వాన. గొడుగులో చిల్లు. ముందున్నామె గొడుగు నీళ్ళు నా భుజం మీద కారాయి. అయినా ఆ మూడు గంటలూ నాకు హాయిగా ఉన్నాయి. కార్డు జాకెట్లో దాచుకుని, ఉందో లేదో అని మధ్యమధ్య తడుముకున్నాను. గింజలు సంచిలో పడుతుంటే ఆ చప్పుడు విని కళ్ళనీళ్ళు వచ్చాయి. వానలో ఎవరికీ కనబడలేదు. తూకం తక్కువేశాడని మాత్రం గట్టిగానే అరిచాను. మళ్ళీ తూచాడు.

నవంబరులో మళ్ళీ కోతల పండుగ వచ్చింది. సిప్పీఘాట్ వాళ్ళు మళ్ళీ గుమ్మడికాయ తెచ్చారు. సంఘ పెద్ద అయిదు అన్నాడు. తోటికోడలు ఇరవై అని నా వైపు తిరిగింది.

"పాడవేం సెల్లీ?"

"పోయినేడు నాను తిన్నాను కదక్కా. ఈ ఏడు నీ వంతు."

ఇంకెవరూ పాడలేదు. ఇరవై రూపాయలకే సంఘ పెద్ద పాట ముగించాడు. నాకు నూట అరవై, ఆమెకు ఇరవై. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తరువాత నిమ్మకాయల పళ్ళెం వచ్చింది. పన్నెండు కాయలు. రెండు రూపాయలు పాడాను. ఎవరూ పెంచలేదు. సంఘ పెద్ద పుస్తకం విప్పబోయాడు.

"రాయక్కర్లేదు," అని నోటు బల్ల మీద పెట్టాను.

సాయంత్రం తోటికోడలు మా ఇంటికి గిన్నెతో గుమ్మడికాయ ముక్కలు పంపింది. సగం కాయకు తక్కువ లేవు. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. అడగలేదు. పులుసు పెట్టాను. తియ్యగా ఉంది. అమ్మాయిలిద్దరూ ముట్టలేదు, మేమిద్దరమే తిన్నాం.

గిన్నె తోమి, నిమ్మకాయలు ఆరు లెక్కపెట్టి అందులో వేసి, నేనే వెళ్ళి ఆమె చేతికిచ్చి వచ్చాను.