నలభై ఎనిమిది కిలోల కోసం

చిత్తూరులో నేను డ్రిల్లు మాస్టరుగా ఉన్న రోజుల్లో మా బడి వెనక కుస్తీ గోదా ఉండేది. ఎర్రమట్టి జల్లించి, వేపాకు పొడి, నువ్వులనూనె, మజ్జిగ కలిపి పిల్లలే దాన్ని సిద్ధం చేసేవారు. కొత్తగా చేరినవాడికి నెల రోజులు పట్లు నేర్పేవాణ్ణి కాదు. పారతో మట్టి తిరగేయాలి, దెబ్బ తగలకుండా పడడం నేర్చుకోవాలి. సగం మంది ఆ నెలలోనే మానేసేవారు.

మాననివాళ్ళలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు. తండ్రి చెరకు గానుగ దగ్గర కూలి. తల్లీ వాడూ మా చర్చి సంఘంలోనే ఆరాధనకు వచ్చేవారు. ఆదివారం బడిలో వాడికి వాక్యం చెప్పిందీ నేనే. ఆ ఏడు తిరుపతిలో జరిగే ఎంపికల్లో గెలిస్తే క్రీడా హాస్టల్లో సీటు, తిండీ చదువూ అక్కడే. ఓడితే బడి మాన్పించి గానుగకు తీసుకుపోతానని తండ్రి ముందే చెప్పేశాడు.

వాడి బరువు యాభై ఒక్క కిలోలు. యాభై రెండు కిలోల లోపు పోటీలో గట్టి కుర్రాడొకడు ఉన్నాడని విని, వీణ్ణి నలభై ఎనిమిదిలోకి దించాలనుకున్నాను. బైబిల్లో, బబులోను రాజు భోజనం వద్దని పది రోజులు శాకధాన్యాలూ నీళ్ళతో గడిపిన యువకుల కథ చెప్పాను. వాళ్ళ ముఖాలు అందరికంటే కళగా ఉన్నాయన్నాను. వాడు వెంటనే ఒప్పుకున్నాడు. ఇద్దరం మోకరించి ప్రార్థన చేశాం.

పది రోజులూ ఉడకబెట్టిన ఉలవలు, కాసిన్ని నీళ్ళు. చివరి రోజు తిండే కాదు, తూకం అయ్యేదాకా నీళ్ళు కూడా వద్దన్నాను. బడిలో కాటా లేదు కనుక సాయంత్రాలు బెల్లం మండీకి తీసుకెళ్ళి తూయించేవాణ్ణి.

"ఏం సార్, ఈ సరుకు దినదినానికీ తరుగు పోతా ఉండాది. నేనైతే కొనను," అని మండీ ఆయన నవ్వేవాడు. వాడూ నవ్వేవాడు.

ఏడో రోజు తల్లి డబ్బాలో సంగటి పెట్టుకుని బడికి వచ్చింది.

"బిడ్డ నడస్తా నడస్తా కూలబడి పోతా ఉండాడు సార్. ఒక ముద్దన్నా తిననియ్యండి."

ఇది దేవుని కోసం చేసే ఉపవాసమనీ, మధ్యలో విడవకూడదనీ చెప్పి పంపించాను. ఆమె డబ్బా మూసుకుని వెళ్ళిపోయింది.

తిరుపతిలో కాటా మీద సరిగ్గా నలభై ఎనిమిది. నేను స్తోత్రం చెప్పుకున్నాను. మొదటి నిమిషం బాగానే పట్టాడు. తరువాత కాళ్ళు వణికాయి. తనకంటే చిన్న కుర్రాడు వాణ్ణి ఎత్తి రెండు భుజాలూ మట్టికి ఆనించేశాడు.

తిరుగు బస్సులో వాడు నాతో అన్నాడు.

"పొద్దన్నే కొళాయి కాడ నోరు పుక్కిలిస్తా ఒక గుక్క మింగేసినా సార్. అందుకే దేవుడు ఇయ్యలేదు."

కాదురా, నిన్ను ఓడించింది నేను పెట్టిన ఆకలి అని చెప్పవలసింది. చెప్పలేదు. పోనీలే అన్నాను.

ఆదివారం సాక్ష్యాల వేళ వాడు లేచి నిలబడ్డాడు. ఉపవాసంలో తప్పానని, తనను క్షమించమని సంఘమంతటి ముందు చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆరాధన ముగిశాక తల్లి వాణ్ణి నా దగ్గరికి తెచ్చి, "వాని కోసరం ప్రార్థన చెయ్యండి సార్. రేపు గానుగకి పోతాడు," అంది. వాడు తల వంచాడు. నేను ఆ తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ పాపం క్షమించు ప్రభువా అని గట్టిగా ప్రార్థించాను.