ఒక గదిలో రెండు పొయ్యిలు

2006. సునామీ వచ్చి రెండో ఏడు. పోర్ట్ బ్లెయిర్‌లో పునరావాసం పనులు చూసే ఒక కార్యాలయానికి నేను సాఫ్ట్‌వేర్ రూపొందిస్తున్నాను. రేషన్‌కు ఒక ప్రోగ్రాం, క్యాంపుల్లోని రేకుల షెల్టర్లకు ఒకటి, కట్టబోయే ఇళ్లకు ఒకటి. ఒక్కొక్కటీ తనకు కావలసిన వివరాన్ని మరొకదాన్ని అడిగి తెచ్చుకుంటుంది. దీన్నే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ అంటారు. మూడూ మొదటిసారి మాట్లాడుకున్న రోజు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఆ రోజు కోసం ఆత్రపడి బిజినెస్ డేటా మోడలింగ్ అనే మెట్టు దాటేశాను. అంటే, 'కుటుంబం' లాంటి మాటకు ఆ పనిలో అర్థమేమిటో, దాన్ని దేనితో గుర్తించాలో ముందే తేల్చుకోవడం. నేను ఎవరినీ అడగలేదు. షెల్టర్ గది నంబరే కుటుంబం నంబరని రాసేశాను.

ఇళ్ల జాబితా మూడు రోజుల్లో సంతకానికి వెళ్తుందనగా నూకాలమ్మ వచ్చింది. భర్తను సునామీలో పోగొట్టుకున్న మనిషి. జాబితాలో ఆమె పేరు లేదు.

"మీ గదికి ఇల్లు వచ్చిందమ్మా, మీ అక్క పేరు మీద," అన్నాను.

"గదికి ఇల్లేటి భయ్యా? ఇల్లు మనుసులకి కదా."

"అందరూ ఒకే గదిలో ఉన్నారుగా?"

"ఒక్కద్దాన్నీ ఉండనేక అక్క దగ్గిరికెల్లాను. ఆళ్ల చూల్హా, ఆళ్ల పొయ్యి ఆళ్లది, నాదీ నా పిల్లదీ ఏరే. రేషన్ కార్డూ ఏరే. ఒక్కపాలి క్యాంపుకొచ్చుంటే నువ్వే సూసుందువు. బస్సు నేదేటి?"

బస్సు ఉంది. అరగంట దూరం. ఏడాదిలో ఒక్కసారీ ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నమే ఎక్కాను. ఒక గదిలో రెండు పొయ్యిలు, మరోచోట మూడు. ఒంటరిగా మిగిలినవాళ్లు అయినవాళ్ల దగ్గరికి చేరిపోయారు. వాళ్ల కార్డులన్నిటినీ నా ప్రోగ్రాం ఒకే ఇంటికింద కలిపేసింది. సిగ్గుతో పాటే ఉత్సాహమూ వచ్చింది, మోడల్ మొత్తం కళ్ల ముందు కనిపించింది మరి. కలిసి వండుకునేవాళ్లు ఒక కుటుంబం. గది మారినా, కార్డు మారినా ఆ కుటుంబం అదే. తిరుగు బస్సులో టికెట్ల వెనక గీసేశాను.

జాబితా మీద సంతకం చేయాల్సిన అధికారితో, "తప్పు కంప్యూటర్‌ది కాదు సార్, నాది," అన్నాను.

"గల్తీ సంగతి తర్వాత. మూడు రోజుల్లో అవుతుందా?"

అయింది. పొయ్యి పొయ్యికీ వెళ్లి రాసుకొచ్చాం. మూడు సర్వీసులకూ ఒకే కుటుంబం నంబరు ఇచ్చాం. జారిపోయిన పేర్లన్నీ చేరాయి.

నూకాలమ్మ తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. "మరి అక్క పక్కిల్లే ఇత్తారా? కంప్యూటర్‌కి అదీ సెప్పు."

పక్కిల్లు అనేదే నా మోడల్‌లో లేదు. ఎవరి జీవితాన్ని గీస్తున్నామో వాళ్లను అడగకుండా మొదటి గీత కూడా గీయకూడదని నాకు ఆ రోజే తెలిసింది. కుర్చీ ఆమె వైపు లాక్కుని, "ఇంకా ఏం వదిలేశానో చెప్పమ్మా," అన్నాను.