డ్రైవరమ్మ విప్పిన కారు

వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. కాపురానికొచ్చిన కొత్తలో సైకిలెక్కడానికే జంకిన పిల్ల, భర్త నడుం దెబ్బతిని స్టీరింగు వదిలేశాక తనే టాక్సీ పట్టింది. అప్పుడు మూతి ముడుచుకున్న అత్తగారే ఇప్పుడు ఎవరు కనబడినా కోడలి కబుర్లు మొదలుపెడుతుంది.

అలాంటి అత్తగారికీ ఆ ఆదివారం గుండె జారింది. కొన్నాళ్లుగా కారు ఆగిన చోటల్లా ఇంజను వణికి, చప్పున ఆగిపోతోంది. మెకానిక్కు ఊళ్లో లేడు. తెల్లారితే డయాలసిస్‌కు వెళ్లాల్సిన పక్కవీధి పెద్దాయన ఈ బండినే నమ్ముకుని ఉన్నాడు. కోడలు వాకిట్లో పాత దుప్పటి పరిచింది. బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజనుకు గాలి వెళ్లే దారిలోని భాగాలన్నీ విప్పి వరసగా పేర్చింది.

"ఇది బాగుచెయ్యడమా, పోస్టుమార్టమా?" అంది అత్తగారు.

"మెకానిక్కు విప్పుతుంటే పక్కనే నిలబడి ఎన్నిసార్లు చూశానో అత్తయ్యా. కంగారుపడకుండా ఓ మెత్తటి గుడ్డ ఇవ్వండి."

అత్తగారు గొణుక్కుంటూనే తన పాత నూలుచీర చించి ఇచ్చింది. ఎయిర్ ఫిల్టరు దులిపితే దోసెడు దుమ్ము రాలింది. లోపల గాలిని అదుపుచేసే గుండ్రటి రేకు మసిబారి, గూటికి అంటుకుపోయింది. కోడలు గుడ్డకు క్లీనరు కొట్టి, పసిబిడ్డ చెవి తుడిచినంత నెమ్మదిగా దాన్ని తుడిచింది. ఇత్తడిలా మెరిసింది.

అన్నీ బిగించి తాళం తిప్పితే ఇంజను ఒక్కసారిగా గీపెట్టింది. అత్తగారు బానెట్ దగ్గర చెవి పెట్టింది.

"ఆపవే. ఎక్కడో బుస్సుమంటోంది. కుక్కరు గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే ఇలాగే అంటుంది."

కోడలు బండి ఆపి వెతికింది. వెనకవైపు సన్న రబ్బరు గొట్టం ఒకటి సగమే ఎక్కి ఉంది. దాన్ని లోపలికి నొక్కి మళ్లీ తాళం తిప్పింది. కాసేపటికి ఇంజను కుదురుకుని, మెత్తగా మోగింది. అత్తాకోడళ్లు ఊరంతా తిరిగొచ్చారు. ఏ సిగ్నలు దగ్గరా బండి ఆగిపోలేదు.

పొద్దున్నే పెద్దాయన్ను ఎక్కించుకుని వచ్చి, మరిచిపోయిన నీళ్లసీసా కోసం కోడలు ఇంటి ముందు ఆపింది. అత్తగారు సీసాతో పాటు కిటికీలోకి తలా పెట్టింది.

"నిశ్చింతగా కూర్చోండి. మా కోడలు స్వయంగా విప్పి బిగించిన బండి."

"అత్తయ్యా, ఆలస్యమవుతోంది," అంది కోడలు, నవ్వు దాచుకుంటూ.

"వెళ్లవే, నేనేం పట్టుకున్నానా?" అంటూ అత్తగారు అప్పుడే గేటు తీస్తున్న పక్కింటావిడ వైపు నడిచింది.