నడవడం రాని కారు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడంటే ఇంట్లో ఫ్యాన్ దగ్గర్నుంచి బావి మోటారు దాకా అన్నీ వాడి నెత్తినే పడేవి. నేను వరంగల్‌లో మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. ఇంజన్‌ను బొమ్మల్లో తప్ప విప్పి చూసింది లేదు (ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు). మా చిన్నమామ తన పెళ్లి బరాత్ సొంత కారులోనే తీస్తానని అందరి ముందూ పంతం పట్టి పాత కారొకటి కొన్నాడు. హన్మకొండ రోడ్డు మీద బాగానే ఉరికేది. మనిషి నడిచినంత మెల్లగా పోనిస్తే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయేది. బరాత్ అంటే బ్యాండు వెనక నడకే కదా.

"ఇంట్ల ఇంజనీరును పెట్టుకొని మెకానిక్ ఎందుకు అల్లుడా? నడిమిట్ల ఆగితే ఆడపెండ్లోల్లే నూకాలె. నా ఇజ్జత్ పోతది" అన్నాడు మామ. "ఫికర్ చెయ్యకు మామా" అన్నాను. నాకు రాదు అనడానికి నోరు రాలేదు మరి. మూడు రోజులు ప్లగ్గులు మార్చాను, పాయింట్లు గీకాను, కార్బ్యురేటర్ విప్పి పెట్రోలుతో కడిగాను. బిగించిన ప్రతిసారీ అదే వణుకు. నడుము పడిపోయింది, అన్నం ముందు కూర్చుంటే కునుకు వచ్చేది. చివరికి విసుగెత్తి, ఒక స్క్రూ తిప్పి ఇంజన్ వేగం పెంచేసి చేతులు దులుపుకున్నాను.

బరాత్‌లో కారు ఆగలేదు. అదే చిక్కయింది. నడుపుతున్న నేను బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు ముందుకు ఉరికేది, బ్యాండువాళ్లు వాయిస్తూనే పరుగెత్తేవారు. "ఉరుక్కుంట ఊదుడు మాతోని కాదు సార్" అని బాకా ఊదే పెద్దాయన రోడ్డు మీదే కూర్చున్నాడు. మామ దిగి ఆయన్ను బతిమాలబోయాడు. నేను ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తి, ఏడుపొక్కటే తక్కువగా నిలబడ్డాను. అప్పుడు కారు కిటికీలోంచి పెళ్లికూతురు, అంటే మా కొత్త అత్త, తల వంచుకునే మెల్లగా అంది: "సన్నగ ఈలేసినట్టు ఇనవడ్తలేదా బాబూ? యాడనో గాలి గుంజుతాంది. మా బాపు జీపు గిట్లనే చేస్తుండె, రబ్బరు ట్యూబు పలిగి."

చెవి పెట్టి విన్నాను. నిజమే, కార్బ్యురేటర్ పక్కనున్న సన్నటి ట్యూబు కొస చీలి ఉంది. మూడు రోజులూ దాన్ని పక్కకు నెట్టుకుంటూ పని చేసింది నేనే. ఒక తాతగారి అడకత్తెర అడిగి చీలిన ముక్క కత్తిరించి, ట్యూబు మళ్లీ తొడిగి, స్క్రూ వెనక్కి తిప్పాను. కారు బుద్ధిగా నడిచింది.

"చూసిండ్రా, మా అల్లుడు ఇంజనీరు" అన్నాడు మామ, కళ్లు చెమరుస్తుంటే. అత్త తల ఇంకాస్త వంచుకుంది. నేను రిటైరైనా మామ ప్రతి ఫంక్షన్‌లో ఆ కథ చెబుతూనే ఉన్నాడు. మొన్న కూడా చెప్పాడు. అత్త నా వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంత వయసొచ్చి కూడా, సిగ్గు లేకుండా తలూపి, "ఏదో, నాకు తెలిసినంత మామా" అన్నాను.