హిల్లే మోచేతి ఎత్తు

నార్వే నుంచి వచ్చిన టోర్గర్, డచ్చివాళ్ల ఊరు బేవర్‌వైక్‌లో రంపపు మిల్లులో కుదురుకుని, వాళ్ల పిల్ల హిల్లేని పెళ్లాడి, ఇల్లు కట్టాడు. తలుపు మాత్రం తన ఊరి పద్ధతిలో, మంచు చొరబడకుండా ఒకే చెక్కగా బిగించాడు.

హిల్లే మొహం ముడుచుకుంది. ఆ ఊళ్లో తలుపులన్నీ పైనొకటి, కిందొకటి, రెండు సగాలు. ఆడవాళ్లు కింది సగం మూసి, దానిమీద మోచేతులు ఆనించి వీధితో మాట్లాడతారు. ఈ తలుపు మూస్తే మనుషులు కనబడరు, తెరిస్తే పందులు లోపలికొస్తాయి.

"ఏమ్మా హిల్లే, మీ ఆయన నిన్ను పీపాలో పెట్టి మూత బిగించాడా?" అని కేకేసింది పక్కింటి ఫెమ్మె.

హిల్లే నవ్వలేదు. "ఇలాగైతే నేను మా అమ్మ దగ్గరికి పోతానయ్యా," అంది మొగుడితో.

టోర్గర్ తలుపును అరచేత్తో నిమిరాడు. చలికాలమంతా చిత్రిక పట్టిన చెక్క అది.

"ఇలా వచ్చి మోచెయ్యి ఆనించు," అన్నాడు. ఆనించిన చోటే గీత గీసి, రంపం పెట్టాడు.

సాయంత్రం హిల్లే కింది సగం మీద మోచేతులు ఆనించి ఫెమ్మెతో కబుర్లలో పడింది. టోర్గర్ కూడా వచ్చి, నడుం వంచి పక్కన ఆనుకున్నాడు.

"నీకు పొట్టిగా ఉందిగా?" అంది హిల్లే.

"నీకు సరిపోయిందిగా," అన్నాడు.