ఈశ్వరమ్మ చేతులకు అంటగట్టిన రోగం

1991లో నేను గద్వాల దవాఖానలో స్టాఫ్ నర్సుని. వారానికొకరోజు చర్మవ్యాధుల డాక్టరమ్మ మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవారు. మందులు ఆమె రాసేవారు. ఎలా కడుక్కోవాలి, ఏది ఎప్పుడు రాసుకోవాలి అన్నది రోగికి అర్థమయ్యేలా చెప్పడం నా పని.

ఎండాకాలంలో ఒక పొద్దున ఈశ్వరమ్మ వచ్చింది. భర్త మగ్గం నేస్తాడు, ఆమె పట్టుదారాన్ని కండెలకు చుడుతుంది. చేతులు కొంగులో దాచుకుని, అందరికీ ఎడంగా గోడవారన నిలబడింది.

"రామ్మా, కూర్చో," అన్నాను.

"వద్దు సిస్టరమ్మా, బల్ల ముట్ట. నాకు పెద్దరోగమట."

"ఎవరన్నరు?"

"మా షావుకారి. పట్టు ముట్టద్దన్నడు. మా అత్త నా బిడ్డకు తల గూడ దువ్వనిస్తలేదు."

పెద్దరోగమంటే కుష్ఠు. షావుకారి అంటే వీళ్లకు పట్టు ఇచ్చి, కూలికి నేయించుకునే వ్యాపారి. డాక్టరమ్మ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకున్నారు. వేళ్లు ఎర్రగా కంది, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. ఈశ్వరమ్మను కళ్లు మూసుకోమని, దూదిపోగుతో తాకారు. తాకిన ప్రతిచోటూ ఆమె సరిగ్గా చెప్పింది. కుష్ఠు మచ్చలో స్పర్శ తెలియదు. ఇంకా ఒళ్లంతా పరీక్షించి, ఇది కాంటాక్ట్ డెర్మటైటిస్ అని డాక్టరమ్మ తేల్చారు. అంటే, తాకిన పదార్థం పడక చర్మం దెబ్బతినడం.

"ఏ పని చేస్తవు?" అని అడిగారు.

పచ్చి పట్టుదారానికి ఉండే జిగురు పోవడానికి సబ్బూ సోడా వేసి ఉడకబెడతారు. ఆ పట్టును జాడించి పిండే పని కూడా షావుకారే ఈమెకు అప్పగించాడట. నాకు ఒళ్లు మండిపోయింది. చేతులు పాడుచేసిందీ ఆయనే, రోగం పేరు పెట్టి వెళ్లగొట్టిందీ ఆయనే! అయినా నిజంగా కుష్ఠే అయితే మాత్రం? మందుతో తగ్గే జబ్బుకు తల్లిని బిడ్డకు దూరం చేస్తారా?

"పిండినంక చేతులెట్ల కడుగుతవు?" అన్నాను.

"బట్టల సబ్బుతోని గట్టిగ రుద్దుత. రోగం పోతదని నిమ్మకాయ గూడ."

ఆమెది పుట్టుకతోనే డ్రై స్కిన్. పొడి చర్మానికి సబ్బూ నిమ్మకాయా శత్రువులు. సబ్బు మాని చన్నీళ్లతో కడుక్కోమని, తడి పూర్తిగా ఆరకముందే వాజెలిన్ రాయమని చెప్పాను.

"జిడ్డు పట్టుకు అంటితే చీర ఖరాబైతది గద సిస్టరమ్మా!"

అదీ నిజమే. పనిలోకి దిగేముందు మెత్తటి బట్టతో తుడుచుకోమన్నాను. రాత్రికి మందంగా రాసి పాత నూలుగుడ్డ చుట్టుకోమన్నాను. సోడా పని చేయక తప్పకపోతే, లోపల నూలువి, పైన రబ్బరు తొడుగులు వేసుకోవాలన్నాను. మర్నాడు అత్తను కూడా రప్పించి, ఆమె చూస్తుండగానే ఈశ్వరమ్మ చేతులకు నా చేత్తో మందు రాశాను. అత్త తల దించుకుంది.

ఆ సాయంత్రం షావుకారి ఇంటికి వెళ్లాను.

"నలుగురు ఆడోళ్లు పిండుతున్రు. గీమెకే ఎందుకైతది? చెప్పు సిస్టర్," అన్నాడు, తమలపాకుకు సున్నం రాస్తూ.

"అందరి తోలు ఒక్కతీరుంటదా? కొందరిది జిడ్డు చర్మం, జర ఆలస్యంగ దెబ్బతింటది. మిగిలిన ముగ్గురి చేతులు ఎన్నడన్న చూసినవా? అందరికి రబ్బరు తొడుగులియ్యి."

"తొడుగులేసుకుంటె పట్టు జారుతది," అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

కొన్ని వారాలకు ఈశ్వరమ్మ వేళ్లు మెత్తబడ్డాయి. సన్న దారం తెగకుండా చుట్టే చెయ్యి ఆమెది. అందుకే షావుకారి తనే కబురు పంపాడు. ఆమె వెళ్లింది. చూస్తే, తన చోట పద్మమ్మ అనే ఇంకో ఆమె వట్టి చేతులతో సోడా నీళ్లలో పట్టు పిండుతోందట. ఈశ్వరమ్మ గడపలోనే ఆగిపోయింది.

"అందరికి తొడుగులు తే. అప్పటిదాంక నేను కండె పట్ట," అందట.

షావుకారి అరిచాడు, బెదిరించాడు. ఆమె కదల్లేదు. చివరికి పని ఆగిపోతుందని కర్నూలు నుంచి తొడుగులు తెప్పించాడు. నా మాటకు నవ్విన మనిషి ఆమె మొండితనానికి దిగొచ్చాడు.

ఆ తర్వాత చర్మం బాగాలేదని ఎవరొచ్చినా, ఏం రాసుకుంటున్నావని నేను ముందుగా అడిగేదాన్ని కాదు. ఏ పని చేస్తావు, చేయించేదెవరు అని అడిగేదాన్ని. పూత రాత్రిపూట మాన్పిన చర్మాన్ని పని పగలు మళ్లీ కాల్చేస్తుంటే, ఎన్ని డబ్బాల వాజెలిన్ రాసి ఏం లాభం?