సీట్లక్క తేల్చిన తగవు

డిపోలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ సీట్లక్కే. ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సుల సీట్లు కుట్టింది. ఆ పనిలో చేర్పించింది అక్క మొగుడు. ఆయనా అక్కడే మెకానిక్. బావామరదళ్లు ఒకరి మాట ఒకరు నెగ్గనిచ్చేవాళ్లు కాదు.

ఇద్దరూ రిటైరైన కొన్నాళ్లకు, నగరంలో బస్సులు మొదలై అరవై ఏళ్లు నిండాయి. షెడ్డులో మిగిలిన ఐదు పాత బస్సులను ఊరేగించాలనుకున్నారు. ఒక్కోదాని చరిత్ర బోర్డు మీద రాయాలి, అన్నిటికంటే పాతది ముందు నడవాలి. కొత్తగా వచ్చిన మేనేజరమ్మ రిజిస్టర్లు తెరిస్తే, చెదలు ఆమెకంటే ముందే చదివేశాయి. దాంతో ఇద్దరికీ కబురు పంపింది.

"తొమ్మిదో నంబరే పాతది. ఇంజను చూస్తే తెలియట్లేదా?" అన్నాడు బావ.

"ఇంజను పాతదే బావా. నాలుగోదాంట్లోంచి ఊడదీసి దీనికి పెట్టి, దానికి వేరేది బిగించింది నువ్వేగా!"

"నేనా? ఎప్పుడు?"

"నోటిమాటలెందుకు, సీటు విప్పుదాం" అంది సీట్లక్క.

పాత కవరు పీకేస్తే సీటు పల్చబడుతుందని, దానిమీదే కొత్తది కుట్టడం ఆమె అలవాటు. తొమ్మిదో నంబరు బస్సులో నీలం రెక్సిన్ కింద గోధుమరంగుది, దాని కింద స్పాంజి. అంతే. నాలుగో నంబరులో నీలం, గోధుమరంగు, ఆకుపచ్చ, అన్నిటికంటే అడుగున కొబ్బరిపీచు నింపిన కాన్వాసు. ఆకుపచ్చదాని కుట్లు కోడి కెలికినట్టున్నాయి.

బావ పగలబడి నవ్వాడు. "చేరిన కొత్తలో నువ్వు కుట్టిందే ఇది! ఒప్పుకున్నాను తల్లీ, నాలుగే పెద్దది."

"ఇది ఏ దారిలో తిరిగేదండీ?" మేనేజరమ్మ పెన్ను తీసింది.

"పన్నెండేళ్లు ఆసుపత్రి లైను. ఇద్దరు పిల్లలు ఇందులోనే పుట్టారు. రెండుసార్లూ ఆ సీట్ల కవర్లు మాత్రం పీకేసి మార్చింది నేనే" అంది సీట్లక్క. మేనేజరమ్మ నవ్వుతూ ఉన్నదున్నట్టు రాసుకుంది.

ఊరేగింపు రోజు నాలుగో నంబరు బస్సు ముందు నడిచింది. మార్కెట్ దాటాక ఎత్తుదారిలో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బావ పంచె ఎగ్గట్టి దిగాడు. జనం కేరింతలు కొడుతూ తోశారు.

"నువ్వు దిగవా?" అని కింది నుంచి కిటికీ వైపు చూసి అరిచాడు బావ.

"సీట్లకి కాపలా ఎవరుంటారు?" అని ఆమె కదలకుండా కూర్చుంది.

మూడో తోపుకు ఇంజను అందుకుంది. బావ ఒళ్లంతా చెమటతో ఎక్కి ఆమె పక్కన కూలబడ్డాడు. కాసేపు ఊపిరి పీల్చుకుని గొణిగాడు: "బాగానే కుట్టావు. నడుం నొప్పి తెలియట్లేదు."

ముప్పై ఏళ్ల పైచిలుకులో ఆయన నోట ఆమె విన్న మొదటి మెప్పు అది.

"ఏంటి బావా, వినపడలేదు" అంది సీట్లక్క.

ఇంజను మోతలో బస్సంతా వినేలా ఆయన మళ్లీ అరవాల్సి వచ్చింది.